పల్లెలో కళాకేంద్రం, ఆరుబయట శిల్పం: తరచుగా అడిగే ప్రశ్నలు

చుట్టూ పొలాలు, మధ్యలో మట్టిదారి, దారి పక్కన గడ్డిలో రెండు నిలువుల ఎత్తున ఒక ఉక్కు ఆకారం. ఇలాంటి చోటికి మొదటిసారి వచ్చినవారి సందేహాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. కళాకారులు అడిగేవి కొన్ని, చూడటానికి వచ్చినవారు అడిగేవి కొన్ని, ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవారు అడిగేవి కొన్ని. వాటిని విడదీయకుండా ఒకేచోట ఉంచాను. ఒకరి ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇంకొకరి ప్రశ్న కిందే దొరుకుతుంది.

ఇది మ్యూజియమా, పార్కా?

రెండింటి పోలికలూ ఉన్నాయి. అయితే మ్యూజియం ఇప్పటికే తయారైన వస్తువును భద్రపరచి చూపిస్తుంది. కళాకేంద్రం ఇంకా తయారు కానిదానికి చోటిస్తుంది. అందుకే ఇక్కడ గ్యాలరీ కంటే ముందు పనిచేసే చోట్లు కనిపిస్తాయి: వెల్డింగ్ షెడ్డు, మట్టి పిసికే గది, పొడవాటి బల్లలున్న హాలు, కళాకారులు ఉండే గదులు. వీటి చుట్టూ ఉన్న నేలలో శిల్పాలు.

అన్ని కేంద్రాల్లోనూ అన్నీ ఉంటాయనుకోవద్దు. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన ఉన్న స్టార్మ్ కింగ్ ప్రధానంగా శిల్పాల నేల, విస్తీర్ణం సుమారు 500 ఎకరాలు. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఉన్న మ్యాక్‌డోవెల్ మాత్రం కళాకారుల నివాసం. మామూలు రోజుల్లో అక్కడ సందర్శకులకు ప్రవేశం లేదు. ఇంగ్లండ్‌లో 1977లో మొదలైన యార్క్‌షైర్ స్కల్ప్చర్ పార్కులో గ్యాలరీలూ ఉన్నాయి, ఆరుబయటి శిల్పాలూ ఉన్నాయి, కళాకారులు కొన్నాళ్లు ఉండి పనిచేసుకునే రెసిడెన్సీలూ నడుస్తాయి. బయలుదేరే ముందు మీరు వెళ్లేది ఏ రకమో కనుక్కుంటే దారి ఖర్చు వృథా కాదు.

నగరంలో కళాకారులు, గ్యాలరీలు, కొనేవారు అందరూ ఉండగా పల్లెకు ఎందుకు?

మొదటి కారణం చాలా మామూలుది: స్థలం. గ్రానైట్ రాయిని రోజుకు ఎనిమిది గంటలు కోసే యంత్రాన్ని అపార్టుమెంటు పక్కన నడపలేరు. ఆ రొద, ఆ దుమ్ము, ఆ రాయిని దించడానికి వచ్చే క్రేను, ఇవన్నీ ఖాళీ నేల ఉన్నచోటే కుదురుతాయి.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. నాలుగు గోడల మధ్య పెద్దగా కనిపించిన శిల్పం కొండ కింద పెడితే ఆటవస్తువులా మారిపోతుంది. అది నిజంగా ఎంతటిదో తేల్చేది ఆకాశమే. అమెరికన్ శిల్పి డేవిడ్ స్మిత్ ఈ పరీక్షను తన ఇంటి దగ్గరే పెట్టుకున్నాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని బోల్టన్ ల్యాండింగ్‌లో ఇంటి చుట్టూ ఉన్న పొలంలో తన ఉక్కు శిల్పాలను నిలబెట్టి, ఎండలో మంచులో వాటిని చూస్తూ పనిచేశాడు. 1965లో ఆయన చనిపోయాక రాల్ఫ్ ఆగ్డెన్ ఆ పొలాన్ని చూశారు. 1960లో స్టార్మ్ కింగ్‌ను ప్రారంభించిన ఇద్దరిలో ఆయన ఒకరు. అప్పటివరకు ఆ సంస్థ ఉద్దేశం హడ్సన్ నదీ ప్రాంతపు చిత్రకళను ప్రదర్శించడం. 1967లో స్మిత్ శిల్పాలు 13 కొన్న తరువాత దాని చూపు గోడల మీదనుంచి కొండల మీదకు మళ్లింది. ఒక పొలాన్ని చూడటంతో ఒక సంస్థ దారి మారింది.

రాయి ఉన్నచోటికే శిల్పులు వెళ్లడం ఇంకో దారి. ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ప్రాంట్ల్ 1959లో సాంక్ట్ మార్గరెథెన్‌లోని పాత రాతి క్వారీకి వేర్వేరు దేశాల శిల్పులను పిలిచాడు. అందరూ అక్కడే ఉండి, అక్కడి రాయిని అక్కడే చెక్కి, అక్కడే నిలిపారు. శిల్పుల సింపోజియం అని నేడు ఎన్నో దేశాల్లో జరిగేవి ఆ బాటలోనివే.

రెసిడెన్సీ అంటే సరిగ్గా ఏమిటి? శిక్షణా?

శిక్షణ కాదు. పాఠాలు ఉండవు, పరీక్షలు ఉండవు. కొన్ని వారాలో కొన్ని నెలలో ఉండటానికి గది, పని చేసుకోవడానికి స్టూడియో, అవసరమైతే పనిముట్లు, సహాయకులు. కొన్నిచోట్ల భోజనం కూడా. కేంద్రం ఇచ్చేవాటిలో అన్నిటికంటే విలువైనది ఎవరూ కదిలించని కాలం.

ఈ కాలాన్ని ఎంత జాగ్రత్తగా ఇవ్వవచ్చో తెలియాలంటే మ్యాక్‌డోవెల్ చూడాలి. సంగీతకర్త ఎడ్వర్డ్ మ్యాక్‌డోవెల్, ఆయన భార్య, పియానో కళాకారిణి మేరియన్ 1907లో దాన్ని స్థాపించారు. అడవిలో అక్కడొకటి అక్కడొకటిగా స్టూడియోలు. మధ్యాహ్న భోజనాన్ని బుట్టలో పెట్టి, పనికి అడ్డు రాకుండా గుమ్మం దగ్గర వదిలి వెళ్లడం అక్కడి ఆనవాయితీ. లోపల ఒకరు రాస్తూ ఉంటారు, ఇంకొకరు గీస్తూ ఉంటారు, మరొకరు ఏమీ తోచక కిటికీలోంచి చూస్తూ ఉంటారు. బుట్ట ముగ్గురికీ వస్తుంది. అక్కడ పనిచేసినవారు స్టూడియోలోని చెక్క పలకల మీద తమ పేరు రాసి వెళతారు. ఒక గదిలో మీకంటే ముందు ఎవరెవరు తంటాలు పడ్డారో ఆ పలకలు చెబుతాయి.

వెళ్లేలోపు పని పూర్తి చేసి చూపించాలా?

కేంద్రాన్ని బట్టి ఉంటుంది. కొన్ని ప్రదర్శన అడుగుతాయి, కొన్ని ఊరివారితో ఒక సాయంత్రం మాట్లాడితే చాలంటాయి, కొన్ని ఏమీ అడగవు. నన్నడిగితే ఏమీ అడగనివే మంచివి. నెల రోజుల్లో చూపించి తీరాలంటే కళాకారులు తమకు ముందే చేతనైన పనినే మళ్లీ చేస్తారు. చేతకానిది ప్రయత్నించి, చెడగొట్టి, పక్కన పెట్టే వీలు ఉన్నప్పుడే అంత దూరం వచ్చినందుకు అర్థం ఉంటుంది. ఆ చెడిపోయిన నమూనా నాలుగేళ్ల తరువాత ఇంకెక్కడో శిల్పమై నిలబడవచ్చు.

దరఖాస్తులో ఏం రాయాలి? ఎలా ఎంపిక చేస్తారు?

సాధారణంగా అడిగేవి ఇవి: చేసిన పనుల ఫొటోలు, క్లుప్తంగా మీ పరిచయం, అక్కడ ఏం చేయాలనుకుంటున్నారో ఒకటి రెండు పేజీలు. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురి సిఫారసు లేఖలు. ఎంపిక చేసేవారిలో కళాకారులు, ప్రదర్శనలను రూపొందించే క్యూరేటర్లు ఉంటారు. వందల దరఖాస్తుల మధ్య వారు మొదట చూసేది ఫొటోలనే. కాబట్టి ఫొటోల మీద శ్రద్ధ పెట్టండి. శిల్పమైతే ఒకే వైపు నుంచి కాకుండా చుట్టూ తిరిగి తీసినవి ఉండాలి. ఎంత పెద్దదో తెలిసేలా ఒక్క ఫొటోలోనైనా పక్కన మనిషి ఉండాలి.

రాతలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. 'ప్రకృతితో మమేకమై, మనిషికీ మట్టికీ ఉన్న బంధాన్ని అన్వేషిస్తాను' అని రాస్తారు. ఈ వాక్యం ఏ కేంద్రానికైనా సరిపోతుంది, అందుకే ఎక్కడా నిలవదు. ఆ చోటు గురించి చదవండి. అక్కడ మూతపడిన పెంకుల బట్టీ ఉందా? ఎండిన చెరువు ఉందా? దానితో మీకేం పని? 'మొదటి వారం ఆ మట్టిని కాల్చి చూస్తాను, పగిలితే ఇసుక కలుపుతాను' అనే ఒక్క మాట పై వాక్యం కంటే ఎన్నో రెట్లు బలంగా ఉంటుంది. తెలియనిది తెలియదని రాయడం కూడా మంచిదే.

ఎక్కడెక్కడ అవకాశాలు ఉన్నాయో తెలుసుకోవడానికి 1993లో ఏర్పడిన రెస్ ఆర్టిస్ అనే అంతర్జాతీయ వేదిక ఉంది. నెదర్లాండ్స్‌లోని ట్రాన్స్‌ఆర్టిస్ట్స్ కూడా ఇలాంటి సమాచారం ఇస్తుంది.

ఖర్చు ఎవరు భరిస్తారు?

మూడు రకాలు. కేంద్రమే అన్నీ భరించి పైగా భత్యం ఇచ్చేవి. గది, స్టూడియో ఇచ్చి మిగతాది కళాకారులకు వదిలేసేవి. కళాకారుల దగ్గరే రుసుము తీసుకునేవి. మూడో రకం అన్నీ మోసం కాదు. అయినా డబ్బు కట్టే ముందు అక్కడ ఉండి వచ్చిన ఇద్దరితో మాట్లాడండి. ప్రయాణం, సామగ్రి, బీమా, శిల్పాన్ని తిరిగి తీసుకుపోవడానికి అయ్యే రవాణా ఎవరి లెక్కలోకి వస్తాయో రాతపూర్వకంగా అడగండి. రాతి శిల్పాన్ని చెక్కడానికి అయినంత ఖర్చు దాన్ని కదిలించడానికి కూడా కావచ్చు.

అక్కడ చేసిన శిల్పం ఎవరికి చెందుతుంది?

ఒప్పందంలో ఏది రాసి ఉంటే అది. చాలాచోట్ల కళాకారులదే. కొన్ని కేంద్రాలు ఒక పనిని తమకు వదిలి వెళ్లమంటాయి. వస్తువు ఎవరి దగ్గర ఉన్నా, అది తన పని అని చెప్పుకునే హక్కు, తన పేరుకు చెరుపు తెచ్చేలా దాన్ని మార్చితే అభ్యంతరం చెప్పే హక్కు కళాకారులకు ఉండాలని, రచయితల, కళాకారుల హక్కులపై దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం చెబుతుంది. దాని అమలు మాత్రం దేశదేశానికీ తేడాగా ఉంటుంది. ఎన్నాళ్లు నిలబెడతారు, ఎవరు మరమ్మతు చేస్తారు, తొలగించే ముందు ఎవరికి చెబుతారు, ఈ మూడూ ఒప్పందంలో లేకపోతే సంతకం చేయకండి.

ఊరివాళ్లకు దీనివల్ల ఏమిటి ఉపయోగం?

నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. దీన్ని తప్పించుకునే కేంద్రం ఆ ఊళ్లో పదేళ్లు గడిచినా అతిథిగానే మిగిలిపోతుంది.

జపాన్‌లోని ఎచిగో-త్సుమారి ప్రాంతం దీనికి పెద్ద ఉదాహరణ. సుమారు 760 చదరపు కిలోమీటర్ల కొండ పల్లెలు, మనుషులు మునిగేంత మంచు, యువత వెళ్లిపోయి వృద్ధులు మిగిలిన ఇళ్లు. ఫ్రామ్ కితగావా నేతృత్వంలో 2000 సంవత్సరంలో అక్కడ మూడేళ్లకోసారి జరిగే కళోత్సవం మొదలైంది. ఖాళీ ఇళ్లు, మూతపడిన బడులు కళకు చోటయ్యాయి. అక్కడ ఇల్యా, ఎమీలియా కబకోవ్ దంపతులు మెట్ల పొలాల్లో నీలం, పసుపు రంగుల్లో రైతుల ఆకారాలను నిలిపారు: దున్నేవారు, నాటేవారు, కోసేవారు. పొలానికి ఎదురుగా ఉన్న వేదిక నుంచి చూస్తే, గాలిలో వేలాడే ఒక కవిత అక్షరాలు ఆ ఆకారాల మీదుగా పరచుకున్నట్టు కనిపిస్తాయి. చూసేవారికి కవిత, పొలం, పని ఒకే చూపులో అందుతాయి. ఆ రైతుల శ్రమ ముందే అక్కడ ఉంది; కళ దాన్ని ఆగి చూసేలా చేసింది.

ఉద్యోగాలు, బసలు, దుకాణాలకు వచ్చే గిరాకీ కూడా నిజమైన లాభాలే. కానీ కేంద్రం పెట్టే మొదటి సమావేశంలోనే వాటిని పెద్దపెద్ద అంకెలతో చెబితే అనుమానించండి. ఊరి వడ్రంగి స్టూడియోలో పనిచేస్తున్నాడా, బడి పిల్లలు గేటు దాటి లోపలికి వస్తున్నారా, నేల గురించి నిర్ణయాలు తీసుకునేటప్పుడు ఊరి మాట వింటున్నారా అన్నవి చూడండి.

శిల్పమంతా తుప్పు పట్టింది. ఎవరూ పట్టించుకోరా?

అది చాలావరకు కార్టెన్ ఉక్కు అయి ఉంటుంది. రాగి, క్రోమియం వంటి లోహాలు కొద్దిగా కలిసిన ఉక్కు ఇది. తడిసి ఆరుతూ, మళ్లీ తడిసి ఆరుతూ ఉంటే దీని మీద గట్టిగా అంటుకున్న తుప్పు పొర ఏర్పడుతుంది. ఆ పొర లోపలి ఉక్కు తరిగిపోయే వేగాన్ని బాగా తగ్గిస్తుంది. మొదట నారింజ రంగు, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమ, చివరికి ఊదా ఛాయ. కళాకారులు కోరుకున్నదే ఆ రంగు.

చిక్కు ఎక్కడంటే, ఆరే వీలు లేనిచోట ఆ పొర కాపాడదు. రెండు రేకులు కలిసే మూలలో నీరు నిలిచినా, అడుగున తడి ఆకులు పేరుకున్నా ఉక్కును తినేస్తుంది. సముద్రపు ఉప్పుగాలీ దీనికి పడదు. తొలి ఏళ్లలో వాన పడినప్పుడల్లా తుప్పునీరు కారి కింది కాంక్రీటు మీద గోధుమరంగు చారలు కడుతుంది. తెలిసినవారు అందుకే అడుగున కంకర పరుస్తారు. మీరు తుప్పును చూసి బాధపడుతున్నప్పుడు, ఆ శిల్పాన్ని చూసుకునే మనిషి దాని అడుగున చెయ్యి పెట్టి ఆకులు తీస్తూ ఉంటాడు.

మిగతా పదార్థాలు ఎండావానలకు ఎలా తట్టుకుంటాయి?

కంచు బాగా తట్టుకుంటుంది, కాని వదిలేస్తే చిలుము పట్టి పచ్చటి చారలు కడుతుంది. దానికి మైనం పూస్తారు. ఆ పని ఒకసారి దగ్గరగా చూడండి. ముందు మెత్తటి బ్రష్షుతో, ఘాటు లేని సబ్బునీళ్లతో దుమ్మునూ పిట్టల రెట్టలనూ కడుగుతారు. పూర్తిగా ఆరాక చిన్న మంటతో లోహాన్ని వెచ్చబెడతారు. బ్రష్షుతో మైనం తాకించగానే అది కరిగి సన్నని గీతల్లోకి దిగిపోతుంది, అంతవరకు బూడిదరంగులో ఉన్నచోటు ఒక్కసారి చీకటి పడ్డట్టు నల్లబడుతుంది. చల్లారాక నూలుగుడ్డతో రుద్దుతారు. ఆ తరువాత వాన పడితే నీరు పరచుకోకుండా ముత్యాల్లా జారిపోతుంది.

గ్రానైట్‌కు ఇంత సేవ అక్కర్లేదు. సున్నపురాయి, పాలరాయి మెత్తన. వాననీటిలోని ఆమ్లానికి అంచులు అరిగిపోతాయి. కలపకు నేల తగిలేచోటే ప్రాణాంతకం. పైన ఎంత గట్టిగా ఉన్నా కుళ్లు అడుగునుంచే మొదలవుతుంది, అందుకే రాతి దిమ్మె మీద నిలబెడతారు. రంగు వేసిన లోహానికి కొన్నేళ్లకోసారి మళ్లీ రంగు తప్పదు.

ఫైబర్ వంటి తేలిక పదార్థాలకు గాలి శత్రువు. జపాన్‌లోని నావోషిమా దీవిలో రేవు చివర యయోయి కుసామా చేసిన పసుపు గుమ్మడికాయ 1994 నుంచి ఉండేది. 2021 ఆగస్టులో వచ్చిన తుపాను దాన్ని సముద్రంలోకి ఈడ్చుకెళ్లింది. 2022 అక్టోబరులో మళ్లీ చేసి అదే చోట నిలిపారు.

ముట్టుకోవచ్చా? పిల్లలు ఎక్కవచ్చా?

బోర్డు చదవండి, లేకపోతే అడగండి. ఒక్క చెయ్యి ఏమీ చేయదు. వేల చేతుల చెమట కంచు మీది పొరను తొలిచేసి, ఆ ఒక్కచోటే బంగారంలా మెరిసేలా చేస్తుంది. కొందరు కళాకారులు ఎక్కడానికీ దూరడానికీ వీలుగానే చేస్తారు. అలాంటివాటి దగ్గర పిల్లలు పెద్దలకంటే బాగా చూస్తారు.

మట్టి దిబ్బను కూడా శిల్పం అంటున్నారు. ఎలా?

చెక్కిన వస్తువును నేలమీద పెట్టడం ఒక పద్ధతి. నేలనే మలచడం ఇంకొకటి. స్టార్మ్ కింగ్‌లో ఒకప్పుడు కంకర తవ్విన గుంత ఉండేది. మాయా లిన్ ఆ చోటును గడ్డి కప్పిన మట్టి అలలుగా మలిచింది, 2009లో అది ప్రజల ముందుకు వచ్చింది. రెండు అలల మధ్య నిలబడితే అటూ ఇటూ మనిషి కనిపించడు. అక్కడే ఆండీ గోల్డ్స్‌వర్తీ 1997, 1998 సంవత్సరాల్లో 2,278 అడుగుల పొడవున సున్నం, సిమెంటు లేని రాతిగోడ కట్టించాడు. చెట్ల మధ్య పాములా మెలికలు తిరిగి, చెరువులోకి దిగి, అవతలి గట్టున లేచి నిటారుగా సాగిపోతుంది. గోడ అంటే అడ్డం అనుకునే మనకు, చెట్టుకు దారిచ్చి పక్కకు తప్పుకునే గోడ అది.

రాబర్ట్ స్మిత్‌సన్ 1970లో యూటా రాష్ట్రంలోని గ్రేట్ సాల్ట్ లేక్‌లో నల్లరాళ్లతో, మట్టితో సుడిలా చుట్టుకున్న 1,500 అడుగుల పొడవైన గట్టును నిర్మించాడు. కొన్నేళ్లకే నీరు పెరిగి మునిగిపోయింది. దశాబ్దాల తరువాత, 2002లో నీరు తగ్గి బయటపడినప్పుడు నల్లరాళ్లు ఉప్పుతో తెల్లబడి ఉన్నాయి.

శిల్పం పాడైపోతుంటే అలాగే వదిలేస్తారా?

కొన్నిటిని కావాలనే. ఇంగ్లండ్‌లోని గ్రిజ్‌డేల్ అడవిలో 1977 నుంచి కళాకారులు అక్కడి కలప, రాయితోనే పనిచేశారు. వాటిలో చాలావాటిని అడవి మళ్లీ తనలో కలుపుకుంది. డేవిడ్ నాష్ కథ ఇంకా విచిత్రం. 1978లో వేల్స్‌లో ఒక ఓక్ చెట్టు నుంచి పెద్ద గుండు చెక్కి, వాగు గుండా కిందికి దించాలనుకున్నాడు. మధ్యలో ఇరుక్కుపోయింది. తీయకుండా అక్కడే వదిలి, ఏళ్ల తరబడి వెనకాలే తిరుగుతూ చూశాడు. వరదలు దాన్ని కొంచెం కొంచెంగా నది వరకు, ఆ తరువాత సముద్రం వైపు తీసుకెళ్లాయి.

కాబట్టి కూలిన చెక్కను చూడగానే నిర్లక్ష్యం అనుకోకండి. కానీ నిలవాల్సిన కంచు పగిలి ఉంటే అది నిర్లక్ష్యమే, దాన్ని అడగాల్సిందే.

ఎప్పుడు రావాలి, ఎలా చూడాలి?

ఉదయం లేదా సాయంత్రం. మిట్టమధ్యాహ్నపు ఎండలో రాయి మీది ఉలిగాట్లు మాయమవుతాయి. వాలు వెలుతురు పడితే ఒక్కొక్క గాటుకూ నీడ లేస్తుంది. వాన వెలిసిన వెంటనే రాగలిగితే ఇంకా మంచిది. నున్నటి రాతి పైన నిలిచిన నీటిలో ఆకాశం ముక్క కనిపించడం నేను చూశాను. ఆ గుంటను శిల్పి కొలిచి చెక్కాడని అప్పుడు తెలిసింది.

ఒక్క రోజులో అన్నీ చూడాలని పరుగెత్తవద్దు. నాలుగు చాలు. ఒక్కొక్కదాని చుట్టూ రెండుసార్లు తిరగండి, ఒకసారి దగ్గరగా, ఒకసారి చాలా దూరంగా. న్యూ మెక్సికోలో వాల్టర్ డి మరియా 1977లో నిలిపిన 400 ఉక్కు స్తంభాలు ఒక మైలు పొడవు, ఒక కిలోమీటరు వెడల్పున ఉన్నాయి. ఒకసారికి ఆరుగురినే రానిస్తారు, వారు రాత్రి అక్కడే ఉండాలి. మధ్యాహ్నం స్తంభాలు దాదాపు కనిపించవు, పొద్దు వాలేకొద్దీ ఒక్కొక్కటిగా వెలుగుతాయి. ఫొటోలకు అనుమతి లేదు. మిగతాచోట్ల మీ కోసం తీసుకునే ఫొటోలకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. అమ్మకానికో ప్రకటనకో అయితే ముందు అడగాలి.

నాకు ఏమీ అర్థం కాలేదు. తప్పు నాదా?

కాదు. అర్థం అడిగే ముందు బరువు ఎటు మొగ్గిందో, ఏ వైపు చల్లగా ఉందో, గాలి వస్తే ఏం చప్పుడు చేస్తుందో చూడండి. శిల్పం మొదట మన ఒంటితో మాట్లాడుతుంది. అంతా చూశాక కూడా నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. అక్కడ పనిచేసేవారికి అది అవమానం కాదు.

మా ఊళ్లో కొంత భూమి ఉంది. ఇలాంటిది మొదలుపెట్టవచ్చా?

మొదలుపెట్టండి, చిన్నగా. ఒక గది, ఒక షెడ్డు, ఏడాదికి ఇద్దరు కళాకారులు. మొదటి శిల్పానికి పెట్టే డబ్బులో కొంత దాన్ని తరువాత ఇరవై ఏళ్లు చూసుకోవడానికి పక్కన పెట్టండి. దాతలు ప్రారంభోత్సవానికి ఇస్తారు, మైనం డబ్బాలకు ఇవ్వరు. క్రేను, పొడవాటి లారీ మలుపు తిరగగలవో లేదో ఆ వాహనం నడిపే మనిషినే తీసుకొచ్చి అడగండి. పునాదులు తవ్వే ముందు నేల పరీక్ష చేయించండి. వీటన్నిటికంటే ముందు, వానాకాలం అంతా ఆ నేల మీద తిరిగి, నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయో, ఎక్కడ ఎన్ని రోజులు నిలుస్తున్నాయో కాగితం మీద గీసుకోండి.